ముందు మనిషి, తర్వాత చోటు, ఆ తర్వాతే డబ్బా

(సియాటెల్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్న పిల్లలు కొంచెం ముందుకి రండి. ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

ఇక్కడున్న వాళ్లలో చాలామంది జియోక్యాష్‌లు వెతికినవాళ్లే. ఫోన్‌లో యాప్ చూసుకుంటూ వెళ్లి, ట్రైల్ పక్కన దుంగ కింద దాచిన డబ్బా తీసి, లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాసి, ఎక్కడిది అక్కడే పెట్టి వచ్చినవాళ్లు. ఇప్పుడు కొందరికి "మనమూ ఒకటి దాచుదాం" అనిపిస్తోంది. చాలా మంచి కోరిక. కనీసం 20 క్యాష్‌లైనా (ఇలా దాచిన డబ్బాల్ని పొట్టిగా అలా అంటాం) వెతికాకే దాచమని జియోక్యాషింగ్ నిర్వాహకుల సలహా. అది పాటించండి, ఎందుకంటే తడిసిన లాగ్‌బుక్ చేతికొస్తే ఎంత విసుగ్గా ఉంటుందో తెలిసినవాళ్లే తడవని డబ్బా పెడతారు.

నేను మాట్లాడదలచింది మాత్రం వేరే విషయం. డబ్బా పెట్టే నేల ఎవరిదో వాళ్లని అడగడం గురించి. కొత్తవాళ్లు ముందు డబ్బా కొంటారు, చోటు చూస్తారు, కోఆర్డినేట్లు (ఆ చోటు అక్షాంశ, రేఖాంశాల అంకెలు) తీస్తారు, పజిల్ కూడా తయారు చేస్తారు. అన్నీ అయ్యాక అనుమతి గుర్తొస్తుంది. అప్పటికే ఆ చోటు మీద మనసు పడిపోయి ఉంటుంది కాబట్టి, "ఎవరూ పట్టించుకోర్లే" అని తమకి తాము సర్దిచెప్పుకుంటారు. ఈ వరసని తిరగెయ్యండి. ముందు ఆ నేల చూసుకునే మనిషి, తర్వాత చోటు, ఆ తర్వాతే డబ్బా.

ఈ ఆట ఎలా మొదలైందో రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఇప్పటి నియమాలు దాన్ని చూస్తేనే బాగా అర్థమవుతాయి. 2000 మే 2 దాకా మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత చెడగొట్టి వదిలేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ రోజు ఆ అడ్డు తీసేశారు. మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన మన పక్క రాష్ట్రం ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్‌కి దగ్గర్లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్ దాచి, దాని కోఆర్డినేట్లు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా లాంటివి ఉన్నాయి. బకెట్‌ని సగం నేలలో పాతాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జెరెమీ ఐరిష్ జియోక్యాషింగ్ డాట్ కామ్ మొదలుపెట్టాడు. ఆ కంపెనీ ఇప్పటికీ మన సియాటెల్‌లోనే, ఫ్రీమాంట్‌లో ఉంది.

ఇప్పుడు చూడండి. ఆ మొట్టమొదటి బకెట్ లాంటిదాని వివరాలు ఇవాళ ఎవరైనా ఆ సైట్‌కి పంపిస్తే పబ్లిష్ అవదు. స్థలం ఓనర్ అనుమతి లేకుండా నేల తవ్వకూడదు. తినే వస్తువులు పెట్టకూడదు. తిండి వాసనకి జంతువులు వచ్చి డబ్బా కొరికేస్తాయి. తవ్వడం మొదలైతే పార్కులు చూసుకునేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది, ఆ నేల కింద ఏ వేరు ఉందో, ఏ పైపు ఉందో, ఏ పాత గిరిజన ఆవాసం ఆనవాళ్లు ఉన్నాయో మనకి తెలియదు కదా. చెట్టుకి మేకు కొట్టకూడదు, స్క్రూ బిగించకూడదు. బడుల దగ్గర, రైలు పట్టాల దగ్గర, సైన్యం స్థలాల దగ్గర పెట్టకూడదు. ఈ నియమాలు చదివినప్పుడు ప్రతిదాని వెనకా ఒక నేల, ఆ నేలకి జవాబుదారీగా ఉన్న ఒక మనిషి కనిపించాలి మీకు.

ఇంకో అపోహ తీసేస్తాను. "రివ్యూయర్ ఒప్పుకుని పబ్లిష్ చేశాడు, అంటే పర్మిషన్ ఉన్నట్టే" అనుకుంటారు. కాదండీ. రివ్యూయర్లంటే ఆ సైట్ తరఫున కొత్త క్యాష్‌లని పరిశీలించే వాలంటీర్లు. వాళ్లు మీ చోటుకి రారు, మ్యాప్ చూసి, మీరు రాసింది చదివి నిర్ణయిస్తారు. క్యాష్ పంపుతున్నప్పుడు "అవసరమైన అనుమతి తీసుకున్నాను" అని ఒప్పుకునేది మీరు. అనుమానం వస్తే ఎవరు ఇచ్చారో చెప్పమని వాళ్లు అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఒక పేరు, ఒక ఈమెయిల్ ఉండాలి.

సరే, ఈ నేల ఎవరిదో తెలుసుకోవడం ఎలా? ఇది అనుకున్నంత కష్టం కాదు. మన కింగ్ కౌంటీకి పార్సెల్ వ్యూయర్ అని ఒక ఆన్‌లైన్ మ్యాప్ ఉంది. స్థలం మీద నొక్కితే అది ప్రైవేటుదా, సిటీదా, కౌంటీదా తెలిసిపోతుంది. నేను ప్రతిసారీ మొదట చేసే పని ఇదే. చాలాసార్లు ఆశ్చర్యపోతారు. మన ఇళ్ల వెనక నడిచే దారి, వాన నీళ్లు నిలిచే చెరువు, పిల్లల ఆటస్థలం ఇవన్నీ సిటీవని అనుకుంటాం. తీరా చూస్తే హెచ్ఓఏవి, అంటే ఆ కాలనీ ఇళ్ల యజమానుల సంఘానివి. అప్పుడు సిటీకి ఈమెయిల్ రాసి నెలరోజులు ఎదురుచూడటం వృథా. హెచ్ఓఏ తరఫున పనిచేసే మేనేజ్‌మెంట్ కంపెనీకి రాయాలి, బోర్డు మీటింగ్‌లో పెట్టమని అడగాలి, వీలైతే ఆ మీటింగ్‌కి మీరే వెళ్లాలి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. పెద్దల ముందు నిలబడి "మేము ఇది పెట్టాలనుకుంటున్నాం" అని వాళ్లు చెప్పడం నేను చూశాను. బోర్డువాళ్లు ఎంత శ్రద్ధగా వింటారో!

షాపుల పార్కింగ్ లాట్లు ఇంకో రకం. లైట్ స్తంభం కింద ఉండే లోహపు తొడుగు పైకి లేస్తుందని తెలిసిన రోజున ప్రతి కొత్త క్యాషర్‌కీ (ఈ ఆట ఆడేవాళ్లకి) అక్కడ ఒక డబ్బా పెట్టాలనిపిస్తుంది. నాకు ఆ రకం నచ్చదు. దాని కింద కరెంటు తీగలు ఉంటాయి. పైగా క్యాషియర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు "నాకేం అభ్యంతరం లేదు" అంటే అది అనుమతి కాదు, ఆ లాట్ ఆ షాపుది కూడా కాకపోవచ్చు. మొత్తం కాంప్లెక్స్‌ని చూసుకునే ప్రాపర్టీ మేనేజర్ ఎవరో కనుక్కుని వాళ్లని అడగాలి.

పాత క్యాషర్లు ఒక మాట అంటుంటారు. ఏ చోట ఎవరినీ అడక్కుండా ఫ్రిస్బీ ఆడుకోవచ్చో, అక్కడ క్యాష్ కూడా పెట్టుకోవచ్చని. నేను దీనికి ఒప్పుకోను. ఫ్రిస్బీ ఆట అయ్యాక దాన్ని తీసుకుని ఇంటికొచ్చేస్తాం. క్యాష్ అక్కడే ఉండిపోతుంది, ఏళ్ల తరబడి, రాత్రీ పగలూ, మనకి ముక్కూ మొహం తెలియని మనుషుల్ని అక్కడికి రప్పిస్తూ. పక్కింటివాళ్ల పెరట్లో మన చుట్టాల్ని దింపడం లాంటిది అది. వాళ్లని అడగకుండా ఎలా చేస్తాం?

అనుమతి లేకపోతే ఏమవుతుందో 2011 వేసవిలో ఇంగ్లండ్‌లో తేలింది. వెస్ట్ యార్క్‌షైర్‌లో వెదర్‌బీ అనే చిన్న ఊరు. ఒక కాఫీ షాపు బయట ఎవరో ఒక ప్లాస్టిక్ డబ్బాతో తచ్చాడటం అక్కడ పనిచేసేవాళ్లు చూశారు. పోలీసులు వచ్చారు, వీధి మూసేశారు, సైన్యం బాంబు నిపుణులు వచ్చి ఆ డబ్బాని పేల్చేశారు. అది జియోక్యాష్. ఆ షాపువాళ్లకి ముందే ఒక్క మాట చెప్పి ఉంటే వీధి మూసే అవసరమే రాదు.

ఇక్కడ మనవాళ్లకి ఇంకో విషయం కూడా చెప్పాలి, సూటిగానే చెబుతాను. సాయంత్రం చీకటి పడేవేళ ఒక మనిషి పొదల్లో వంగి ఏదో వెతుకుతుంటే, అతను ఎవరు, ఎలా కనిపిస్తాడు అన్నదాన్ని బట్టి చూసేవాళ్ల ఆలోచన మారుతుంది. మన పిల్లలు టీనేజ్‌కి వచ్చాక ఒంటరిగా వెతకడానికి వెళ్తారు. వాళ్లని ఎవరైనా "ఇక్కడేం చేస్తున్నావు?" అని ఆపితే, "ఇది జియోక్యాష్ అండీ, ఈ స్థలం ఓనర్ అనుమతితో పెట్టారు, ఇదిగో పేజీలో రాసి ఉంది" అని ఫోన్ చూపించగలగాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే పిల్లలకి టెన్షన్ ఉండదు, ఇంట్లో మనకీ ఉండదు. అనుమతి దొరికాక క్యాష్ పేజీలో ఆ విషయం స్పష్టంగా రాయమని నేను పట్టుపట్టేది ఇందుకే.

ఎలా అడగాలో ఇప్పుడు చూద్దాం. స్నోహోమిష్ వైపు ఒక మొక్కల నర్సరీ ఓనర్‌తో జరిగిన మాటలు చెబుతాను. పెద్దావిడ. వారం మధ్యలో, రద్దీ లేని ఉదయం పూట వెళ్లాను. చేతిలో ఖాళీ డబ్బా, అరచేయంత లాగ్‌బుక్. దూరం నుంచి వర్ణించడం కన్నా వస్తువు చేతిలో పెడితే సగం అనుమానాలు అక్కడే పోతాయి. ఆవిడ మూత తీసి, మూసి, మళ్లీ తీసి చూసింది.

"ఎంతమంది వస్తారు?" అని అడిగింది.

"మొదటి వారం ఎక్కువ, తర్వాత వారానికి ఒకరిద్దరు రావచ్చు" అన్నాను.

"నా ఫెన్స్ ఎక్కుతారా?"

"ఎక్కాల్సిన అవసరం లేని చోటే పెడదాం. ఆ చోటు మీరే చూపించండి."

ఆ మాటతో ఆవిడ ముఖం మారింది. ఎప్రన్ విప్పి పక్కన పెట్టి, "నాతో రా" అని నడిచింది. నేను మనసులో అనుకున్న చోటు రోడ్డు పక్క కంచె దగ్గర. ఆవిడ తీసుకెళ్లింది వెనకాల ఒక పాత పంపు షెడ్డు దగ్గరికి. వాళ్ల నాన్న కట్టిన షెడ్డట. చుట్టూ ఫెర్న్ మొక్కలు, పక్కనే కూర్చోడానికి చెక్క బల్ల. నేను ఎన్నిసార్లు అటు తిరిగినా నాకు కనపడని చోటు అది. ఆ షెడ్డు కథ ఇప్పుడు క్యాష్ పేజీలో ఉంది, ఆవిడ చెప్పిన మాటల్లోనే.

చివర్లో అసలు ప్రశ్న అడిగింది: "ఎవరైనా జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే నా మీద కేసు వేస్తారా?" ఈ ప్రశ్న ప్రతి ఓనర్ మనసులోనూ ఉంటుంది, అడిగినా అడగకపోయినా. మన వాషింగ్టన్ రాష్ట్రంలో దీనికి ఒక చట్టం ఉంది. రాష్ట్ర చట్టాల సంకలనంలో (ఆర్‌సీడబ్ల్యూ) 4.24.210 సెక్షన్. డబ్బు తీసుకోకుండా ప్రజల్ని తన నేల మీద ఆటవిడుపుకి రానిచ్చే యజమాని మీద, అనుకోకుండా తగిలిన దెబ్బలకి బాధ్యత పెట్టకుండా అది కాపాడుతుంది. మినహాయింపులు ఉన్నాయి. దాచి ఉన్న ప్రమాదం తెలిసి కూడా బోర్డు పెట్టకపోవడం లాంటివి. నేను లాయర్‌ని కాదు కాబట్టి ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఇచ్చి, "మీ లాయర్‌కి చూపించండి, తొందరేం లేదు" అన్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి సరే అంది.

నేరుగా కలవడం కుదరకపోతే ఈమెయిల్ రాయండి. పొడుగ్గా వద్దు. మీరెవరు, ఎక్కడుంటారు. జియోక్యాష్ అంటే ఏమిటో రెండు వాక్యాలు. డబ్బా ఫొటో, దాని సైజు. చోటు ఫొటో, మ్యాప్ మీద గుర్తు. వచ్చేవాళ్లు కారు ఎక్కడ ఆపుతారు, ఏ వేళల్లో వస్తారు. మీరు ఎన్నాళ్లకోసారి వచ్చి చూస్తారు. ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం, ఇది తెలుగులో చెబుతాను, మీ ఇంగ్లీషులో మీరు రాసుకోండి: "మీకు ఎప్పుడు వద్దనిపించినా, కారణం చెప్పనక్కర్లేదు, ఈ నంబరుకి ఒక మెసేజ్ పెట్టండి, 24 గంటల్లో తీసేస్తాను." ఒప్పుకోవడానికి భయపడే ఓనర్ భయమంతా వెనక్కి తీసుకోలేమేమోనని. ఆ దారి తెరిచి ఉందని తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే థాంక్స్ చెప్పి వచ్చేయండి. బతిమాలొద్దు. మీ తర్వాత ఇంకో క్యాషర్ ఇదే మనిషి దగ్గరికి వెళ్లవచ్చు, అతని కోసం తలుపు తెరిచి ఉంచండి.

పార్కుల సంగతి వేరు, అక్కడ రాతపూర్వక పద్ధతి ఉంటుంది. వాషింగ్టన్ స్టేట్ పార్కుల్లో క్యాష్ పెట్టాలంటే రాసిచ్చిన పర్మిట్ తప్పనిసరి. పెట్టాక కనీసం 90 రోజులకోసారి వెళ్లి చూడాలి. ఇది పార్కువాళ్ల నియమమే. మీకు అంత ఓపిక లేకపోతే ఆ ఫారం నింపకండి. రేంజర్ "అక్కడ వద్దు" అంటే చిన్నబుచ్చుకోవద్దు. ఆ పొదలో ఏ పక్షి గూడు కడుతుందో ఆయనకి తెలుసు, మనకి తెలియదు. మౌంట్ రెయినియర్, ఒలింపిక్ లాంటి నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టడమనే మాటే లేదు. అక్కడ డబ్బా లేని ఎర్త్‌క్యాష్‌లు ఆడుకోవచ్చు, రాళ్లనీ హిమానీనదాల్నీ చూసి జవాబులు రాసే రకం. నేషనల్ ఫారెస్ట్ అయితే ఆ ప్రాంతపు రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. వైల్డర్‌నెస్ అని, అంటే సహజంగానే వదిలెయ్యాలని చట్టం గుర్తించిన భాగాల జోలికి మాత్రం వెళ్లొద్దు. సిటీ పార్కుల్లో ఒక్కో సిటీది ఒక్కో పద్ధతి.

అనుమతి చేతికొచ్చాక మిగతా పనులు తేలికే, త్వరగా చెప్పేస్తాను. రెండు క్యాష్‌ల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. మ్యాప్ మీద కనపడని మల్టీ (ఒక చోటు నుంచి ఇంకో చోటుకి దారి చూపేవి), మిస్టరీ (పజిల్ విప్పి వెతికేవి) క్యాష్‌ల దశలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అందుకని ఓనర్‌తో చివరి మాట అనుకునే ముందే సైట్‌లోని ప్లానింగ్ మ్యాప్ చూడండి, అనుమానం ఉంటే రివ్యూయర్‌కి రాసి అడగండి. పెద్దావిడ దగ్గర సరే అనిపించుకుని, తర్వాత "అక్కడ కుదరదటండీ" అని వెనక్కి వెళ్లడం బాగోదు. కోఆర్డినేట్లు తీసేటప్పుడు మన డగ్లస్ ఫర్ చెట్ల కింద ఫోన్ చూపించే అంకెలు అటూ ఇటూ గెంతుతాయి. ఫోన్‌ని కాసేపు అక్కడే ఉంచి, దూరంగా నడిచి, ఇంకో వైపు నుంచి తిరిగొచ్చి, మళ్లీ చూడండి. ఆ అంకెల సగటు తీసుకోండి.

డబ్బా విషయంలో మన వానని తక్కువ అంచనా వెయ్యొద్దు. అక్టోబర్‌లో మొదలైతే వసంతం దాకా తడే. మూత అంచున రబ్బరు వాషర్ ఉండి, నాలుగు వైపులా క్లిప్పులతో బిగిసే డబ్బా తీసుకోండి. లేదా సైన్యం వాడే పాత తూటాల పెట్టె, దాని మీద ఉన్న మిలటరీ రాతలన్నీ కనపడకుండా పెయింట్ వేసి. ఇంటికి తెచ్చాక ఆ డబ్బాలో ఒక టిష్యూ పేపర్ పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్లలో రాత్రంతా ముంచి ఉంచండి, పైన రాయి పెట్టి. పొద్దున్నే తీసి చూడండి. టిష్యూ అంచున చిన్న తడి మరక ఉన్నా ఆ డబ్బా వంటింటికే. లాగ్‌బుక్‌కి వానలో తడిసినా రాసుకోగలిగే రైట్ ఇన్ ద రెయిన్ కాగితం వాడండి. మన టకోమాలో తయారయ్యేదే. పక్కన పెన్సిల్ పెట్టండి. డబ్బా పైన "అధికారిక జియోక్యాష్" అని ఇంగ్లీషులో, మీ ఫోన్ నంబరుతో సహా, చెరిగిపోని ఇంకుతో రాయండి. కరెంటు పెట్టెలా కనపడే నకిలీ డబ్బాలు తెలివైనవే, కానీ వాటికి అలవాటుపడ్డ పిల్లాడు రేపు నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేస్తాడు. దయచేసి వాటి జోలికి వెళ్లకండి.

పబ్లిష్ అయ్యే రోజు గురించి ఓనర్‌కి ముందే చెప్పాలి. ఇది చాలామంది మర్చిపోతారు. మొట్టమొదట దొరికించుకున్న పేరు కోసం పోటీపడేవాళ్లు ఉంటారు. నోటిఫికేషన్ వచ్చిన గంటలోనే, రాత్రి పది దాటినా సరే, టార్చిలైట్లు వేసుకుని వచ్చేస్తారు. ఇంటి పక్కన చోటైతే ఓనర్‌కి గుండె గుభేలుమంటుంది. పేజీలో వేళలు రాయండి, పగలు మాత్రమే అన్న గుర్తు పెట్టండి. వారాంతం ఉదయం పబ్లిష్ చేయమని రివ్యూయర్‌కి నోట్‌లో రాసి అడగండి.

తర్వాత ఏళ్ల తరబడి మీ పని మిగిలే ఉంటుంది. తడిసిందని ఎవరైనా రాస్తే వెళ్లి మార్చాలి. వరసగా కొందరికి దొరకకపోతే వెళ్లి చూడాలి, వెంటనే కుదరకపోతే తాత్కాలికంగా ఆపేయాలి. స్థలం చేతులు మారితే కొత్త ఓనర్‌ని మళ్లీ మొదటి నుంచి అడగాలి, పాత అనుమతి వాళ్లకి వర్తించదు. ఏడాదికోసారి ఓనర్‌కి, వెతికినవాళ్లు క్యాష్ పేజీలో రాసే లాగ్‌లలో వచ్చిన మంచి మాటలు రెండు మూడు పంపించండి. నర్సరీ ఆవిడ వాటిని ప్రింట్ తీసి కౌంటర్ వెనక గోడకి అంటించుకుంది.

ఆఖరుగా ఇండియా సంగతి. ఎండాకాలం సెలవులకి వెళ్లినప్పుడు మన ఊళ్లో ఒకటి దాచి వస్తామని చాలామంది అడుగుతున్నారు. సెలవుల్లో దాచి వచ్చేసే క్యాష్‌ని రివ్యూయర్లు మామూలుగా ఒప్పుకోరు. దాన్ని చూసుకునే మనిషి అక్కడే ఉండాలి. మీ పిన్నిగారబ్బాయో, మేనల్లుడో నిజంగా ఆట ఆడేవాడైతే, అతని వివరాలు ఇచ్చి పంపించవచ్చు. కానీ చోటు విషయంలో జాగ్రత్త. గోల్కొండ, వరంగల్ కోట ఇలాంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ ఏదీ దాచకూడదు. గుడి భూములు చాలావరకు దేవాదాయ శాఖ చేతిలో ఉంటాయి, పూజారిగారు "పెట్టుకో నాయనా" అంటే సరిపోదు. ఇక హైదరాబాద్‌లో జనం తిరిగే చోట డబ్బా దాచే ఆలోచనే పెట్టుకోవద్దు. 2007 ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో మనుషుల్ని పోగొట్టుకున్న ఊరది. దిక్కులేని డబ్బా కనిపిస్తే అక్కడివాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తారు, చెయ్యాలి కూడా. మీ తాతగారి కొబ్బరి తోట ఉంటే ఆయన్నే అడగండి. గేటు లోపల, దారి పక్కనే, పాము తిరగని చోట ఎక్కడ పెట్టాలో ఆయనే చూపిస్తారు. మీ కజిన్‌ని కూడా అప్పుడు పక్కనే నిలబెట్టుకోండి, ఏళ్ల తరబడి తాతగారికి జవాబు చెప్పాల్సింది అతనే.

పార్సెల్ మ్యాప్ ఇక్కడ స్క్రీన్ మీద తెరిచాను. ఎవరి మనసులో ఏ చోటు ఉందో చెప్పండి, అది ఎవరిదో ఇప్పుడే చూద్దాం.